గట్టిగా పట్టుకున్నానని చేతికెలా తెలుస్తుంది?

1947లో పాల్ బ్రాండ్ అనే యువ సర్జన్ చెంగల్పట్టులోని లేడీ విల్లింగ్డన్ కుష్ఠు ఆసుపత్రి చూడటానికి వెళ్ళారు. అప్పటికి ఆయన వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చేరి ఎంతో కాలం కాలేదు. పుట్టింది మాత్రం ఈ నేలమీదే, 1914లో, కొల్లిమలై కొండల్లో. ఆసుపత్రి పెద్ద రాబర్ట్ కాక్రేన్ వెంటబెట్టుకుని తిప్పుతుంటే, వేళ్ళు లోపలికి ముడుచుకుపోయిన ఒక రోగి దగ్గర బ్రాండ్ ఆగారు. ఆ చేతిలో ఏమాత్రం బలం మిగిలిందో చూద్దామని తన చేయి అందించి, గట్టిగా నొక్కమన్నారు. మరుక్షణమే నొప్పి తట్టుకోలేక వదలమని కేక పెట్టారు. రోగి గోళ్ళు ఆయన అరచేతిలో దిగబడ్డాయి. ఆ మనిషికి మాత్రం తాను డాక్టరుగారిని బాధపెట్టానన్న సంగతే తెలియలేదు.

చేతిలో బలానికి లోటు లేదు. ఎంత బలం పెడుతున్నదీ చెప్పే కబురు మాత్రం చేతి నుంచి రావడం లేదు.

చెన్నై చుట్టుపక్కల కార్ల ఫ్యాక్టరీల్లో వెల్డింగ్ చేసే రోబో చేతులది అచ్చంగా ఇదే పరిస్థితి. అవి క్వింటాలు బరువును అవలీలగా ఎత్తుతాయి, మిల్లీమీటరు తేడా రాకుండా ఒకే చోటికి వెయ్యిసార్లు వెళ్ళి వస్తాయి. కానీ దారిలో మనిషి భుజం అడ్డొచ్చినా వాటికి తెలియదు. అందుకే చాలాకాలం వాటిని కంచె వేసి పనిచేయించారు. యంత్రానికి స్పర్శ నేర్పాలనే ప్రయత్నాలకు మూలం ఇక్కడుంది. మెత్తటి ఒత్తిడి సెన్సర్ల గురించి పాఠకులకు సాధారణంగా వచ్చే సందేహాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

కెమెరా ఉంటే చాలదా? చూసి పట్టుకోలేదా?

కొంతవరకు పట్టుకోగలదు. వస్తువు ఎక్కడుందో, ఎలా ఉందో కెమెరా చెబుతుంది. అసలు చిక్కు చేయి వస్తువును తాకిన తరువాత మొదలవుతుంది. తాకే చోటును ఆ వేళ్ళే కప్పేస్తాయి కాబట్టి, సరిగ్గా అవసరమైన క్షణంలోనే కెమెరాకు ఏమీ కనిపించదు. పైగా కోయంబేడు మార్కెట్‌లో టమాటా పండిందా, పచ్చిగా ఉందా అన్నది రంగును బట్టి సగమే తెలుస్తుంది. ఎంత మెత్తగా ఉంది, తడిగా ఉందా, చేతిలోంచి జారుతోందా అన్నవి వేలికి మాత్రమే తెలిసే విషయాలు.

మనుషుల మీదే దీన్ని పరీక్షించి చూశారు. స్వీడన్‌కు చెందిన రోలాండ్ జోహాన్సన్ వేలికొసలకు మత్తిచ్చి అగ్గిపుల్ల వెలిగించమన్నారు. కళ్ళు బాగానే పనిచేస్తున్నాయి, కండరాలూ బాగానే ఉన్నాయి. అయినా పుల్ల తీయడమే గగనమైపోయింది. మామూలుగా కొన్ని సెకన్లలో అయ్యే పనికి ఎన్నో రెట్లు ఎక్కువ సమయం పట్టింది.

మన చర్మం చేసే పనేమిటి?

ఒక్కో అరచేతిలో, వేళ్ళలో కలిపి సుమారు 17 వేల స్పర్శ నాడుల కొసలున్నాయని జోహాన్సన్, ఆయన సహచరుడు వాల్బో 1979లో లెక్కగట్టారు. ఇవి నాలుగు రకాలు. మెర్కెల్ కణాల దగ్గర ముగిసేవి, నొక్కినంతసేపూ ‘నొక్కుతున్నారు’ అని చెబుతూనే ఉంటాయి. మైస్నర్ గుళికలు మార్పు వచ్చినప్పుడే పలుకుతాయి, వస్తువు జారడం మొదలవగానే కబురు పంపేవి ముఖ్యంగా ఇవే. పాసీనియన్ గుళికలు చర్మంలో లోతుగా ఉండి సన్నటి ప్రకంపనలను పట్టుకుంటాయి. రఫీని కొసలు చర్మం సాగడాన్ని గమనిస్తాయి. ఒత్తిడిని విద్యుత్ సంకేతంగా మార్చే ప్రోటీన్లు, పీజో 1, పీజో 2, ఏవో 2010లో బయటపడింది. వాటిని గుర్తించిన ఆర్డెమ్ పటపౌటియన్‌కు 2021లో, డేవిడ్ జూలియస్‌తో కలిపి, వైద్యంలో నోబెల్ వచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది, స్పర్శ అంటే ఒత్తిడి ఎంతో చెప్పే ఒక అంకె కాదని. ఎక్కడ, ఎంత, ఎంతసేపటి నుంచి, పెరుగుతోందా తగ్గుతోందా, పక్కకు లాగుతోందా, ఇవన్నీ కలిస్తేనే స్పర్శ. చేతిలో గ్లాసు కాస్త జారితే, మనకు స్పృహ కూడా లేకుండానే, సెకనులో పదోవంతు లోపలే పట్టు బిగుస్తుంది. ఒక్క అంకెతో ఆ పని జరగదు.

ఒత్తిడి విద్యుత్తుగా ఎలా మారుతుంది?

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. చెన్నై మౌంట్ రోడ్డు పక్కనే రిచీ స్ట్రీట్‌లో ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాలున్నాయి. అక్కడ ఐసీ చిప్పులను కాళ్ళు వంగిపోకుండా నల్లటి స్పాంజి ముక్కకు గుచ్చి అమ్ముతుంటారు. ఆ స్పాంజిలో కార్బన్ కలిసి ఉంటుంది. చిన్న ముక్క తీసుకుని, పైన ఒక అల్యూమినియం రేకు, కింద ఒకటి పెట్టి, మల్టీమీటరు తీగలను రెండు రేకులకూ తగిలించి ఓమ్స్ మీద పెట్టండి. రేకు మీద వేలు ఆనించగానే అంకె పడిపోతుంది. గట్టిగా నొక్కితే ఇంకా పడిపోతుంది. వేలు తీస్తే మళ్ళీ మెల్లగా పైకి పాకుతుంది. ఆ ‘మెల్లగా’ను గుర్తుంచుకోండి, దానితో మనకు పనుంది.

ఎందుకు పడిపోతుంది? రబ్బరులో గానీ స్పాంజిలో గానీ కార్బన్ రేణువులు అక్కడక్కడా విడివిడిగా ఉంటాయి. చెన్నై సిటీ బస్సులో వెనక నిలబడ్డవాళ్ళు టిక్కెట్టు డబ్బులను చేతుల మీదుగా కండక్టరుకు పంపిస్తారు కదా. బస్సు ఖాళీగా ఉంటే మధ్యలో చేయందదు, నాణెం ఆగిపోతుంది. కిక్కిరిసి ఉంటే ఎన్నో చేతులు, ఎన్నో దారులు. నొక్కినప్పుడు రేణువులు దగ్గరవుతాయి, కొత్త దారులు తెరుచుకుంటాయి, కరెంటు సులువుగా దాటుతుంది. అంగడిలో దొరికే పల్చటి ఒత్తిడి సెన్సర్లలో చాలావాటికి ఆధారం ఈ సూత్రమే. ఏమీ నొక్కనప్పుడు వాటి నిరోధం పది లక్షల ఓములు దాటుతుంది, గట్టిగా నొక్కితే కొన్ని వేలకు దిగుతుంది.

రెండో పద్ధతి కెపాసిటర్. రెండు వాహక పొరల మధ్య మెత్తటి రబ్బరు పొర ఉంటుంది. నొక్కితే పొరలు దగ్గరవుతాయి, నిలవచేసే ఆవేశం పెరుగుతుంది. సున్నితత్వం దీనికి ఎక్కువ, కానీ దగ్గరకు తెచ్చిన చేయి కూడా దీన్ని కలవరపెడుతుంది. మూడోది, నొక్కితే తానే ఆవేశం పుట్టించే పదార్థం. పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్‌కు ఈ గుణముందని 1969లో జపాన్‌లో కవాయి చూపించారు. ఇది మార్పును బాగా పట్టుకుంటుంది. కదలకుండా అలాగే నొక్కి ఉంచితే మాత్రం కాసేపటికి చెప్పడం మానేస్తుంది. మన చర్మంలోని రకాలు ఒకదానికొకటి ఎందుకు తోడుగా ఉన్నాయో ఇప్పుడు అర్థమవుతుంది.

సున్నితత్వం పెంచడానికి ఒక చక్కటి కిటుకుంది. నున్నటి రబ్బరు పొర చిన్న ఒత్తిడికి కదలదు, ఎందుకంటే రబ్బరు పక్కకు జరగడానికి చోటుండదు. 2010లో స్టాన్‌ఫర్డ్‌లో జెనాన్ బావో బృందం రబ్బరును కంటికి కనిపించనంత చిన్న పిరమిడ్లుగా పోతపోసింది. పిరమిడ్ కొస ఏ కాస్త బరువుకైనా నలుగుతుంది, చుట్టూ గాలి ఉంది కాబట్టి నలగడానికి చోటూ ఉంది. 20 మిల్లీగ్రాముల ఈగ వాలినా ఆ సెన్సరు గుర్తించింది. అది 3 పాస్కళ్ళ ఒత్తిడి.

మెత్తగానే ఎందుకుండాలి?

దీనికి జవాబు రోబో దగ్గర కన్నా చెన్నైలోని షుగరు ఆసుపత్రిలో బాగా తెలుస్తుంది.

ప్రొఫెసర్ ఎం. విశ్వనాథన్ 1954లో నెలకొల్పిన డయాబెటిస్ ఆసుపత్రి ఉత్తర చెన్నైలోని రాయపురంలో ఉంది. షుగరు ఏళ్ళ తరబడి ఉంటే అరికాలి నాడులు మొద్దుబారతాయి. మొద్దుబారడంతో ఆగదు. పాదంలోని చిన్న కండరాలు కూడా బలహీనపడి వేళ్ళు వంగుతాయి, వేళ్ళ మొదట్లో ఎముకలు కిందికి పొడుచుకొస్తాయి, వాటి కింద మెత్తలా ఉండే కొవ్వు ముందుకు జారిపోతుంది. అక్కడ ఆనెకాయ కడుతుంది. ఆ ఆనెకాయే చెప్పులో రాయిలా ఒత్తి లోపలి కండను నలిపేస్తుంది. స్పర్శ ఉన్న మనిషి అయితే కుంటేవాడు, బరువు రెండో కాలి మీదికి మార్చేవాడు. స్పర్శ లేనివాడు అదే తీరున నడుస్తాడు. పుండు పడ్డాక, సాక్సుకు అంటిన రక్తం చూసి ఇంట్లోవాళ్ళు చెబితే తెలుస్తుంది.

అందుకే ఇలాంటి ఆసుపత్రుల్లో రోగిని వట్టి కాళ్ళతో సెన్సర్లు పరిచిన పలక మీద నడిపిస్తారు. తెర మీద పాదం పటం పడుతుంది. ఒత్తిడి తక్కువున్న చోట నీలం, ఎక్కువున్న చోట ఎరుపు. మడమ దగ్గర ఒక మరక, బొటనవేలి మొదట్లో ఒక ఎర్రటి చుక్క. రోగికి తన కాలు చెప్పలేని మాటను ఆ చుక్క చెబుతుంది. చెప్పు లోపల ఒత్తిడి 200 కిలోపాస్కళ్ళకు మించకూడదని వైద్యులు సాధారణంగా లక్ష్యంగా పెట్టుకుంటారు. అంటే చదరపు సెంటీమీటరు మీద ఇంచుమించు 2 కిలోల బరువు.

పలక నేల మీద గట్టిగా ఉన్నా ఇబ్బంది లేదు. చెప్పు లోపల కొలవాలంటే మాత్రం సెన్సరు గట్టిగా ఉండకూడదు. గట్టి బిళ్ళ పెడితే ఆ బిళ్ళే కొత్త ఆనెకాయ అవుతుంది, తాను కొలవాల్సిన ఒత్తిడిని తానే పుట్టిస్తుంది. పాదం వంపుకు తగ్గట్టు వంగాలి, అడుగు వేసినప్పుడు చెప్పుతోపాటు మడతపడాలి, తీసేస్తే తిరిగి తన ఆకారానికి రావాలి. రోబో వేలికీ ఇదే వర్తిస్తుంది. మెత్తటి వేలు వస్తువు ఆకారానికి సర్దుకుంటుంది, తాకే చోటు పెరుగుతుంది, తక్కువ బలంతోనే పట్టు దొరుకుతుంది.

మెత్తదనానికి మూల్యం ఉంది. ఇందాక స్పాంజి మీది అంకె మెల్లగా పైకి పాకింది కదా. రబ్బరు జాతి పదార్థాలన్నిటికీ ఆ స్వభావముంది. నొక్కి ఉంచితే కాసేపు కుంగుతూనే ఉంటాయి, వదిలితే వెంటనే తేరుకోవు. ఎక్కేటప్పుడు ఒక అంకె, అదే బరువు దిగేటప్పుడు మరో అంకె. వేడికి, చెమటకు మళ్ళీ మారుతుంది. చెన్నై మే నెలలో, మూసిన బూటులో, చెమట సంగతి వేరే చెప్పాలా! ఇక అలసట. రోజుకు 5 వేల అడుగులు వేసే మనిషి ఒక్కో కాలి సెన్సరును ఏడాదిలో 9 లక్షల సార్లు పైగా తొక్కుతాడు. ప్రయోగశాలలో ఈగను పట్టుకోవడం గొప్పే, కానీ నా దృష్టిలో అంతకన్నా కష్టమైన పరీక్ష ఈ బూటు.

పుండు ఒత్తిడి ఎక్కువైతేనే పడుతుందా?

కాదు. దీన్ని స్పష్టం చేసినవాళ్ళలో ముందు నిలిచేది మళ్ళీ బ్రాండే. వేలూరులో ఒకసారి తుప్పుపట్టిన తాళం తనకు రాకపోతే, కుష్ఠుతో చేతి స్పర్శ పోయిన ఒక కుర్రవాడు వచ్చి సునాయాసంగా తిప్పేశాడు. తరువాత చూస్తే వాడి వేలు ఎముక కనిపించేదాకా తెగి ఉంది. ఇంకొందరు రాత్రి పడుకుని లేచేసరికి వేళ్ళు కొంత తరిగిపోయి ఉండేవి. కాపలా కాసి చూస్తే, నిద్రలో ఎలుకలు కొరుకుతున్నాయి. ఆ తరువాత రోగులకు పిల్లులను ఇచ్చి పంపేవారు. కుష్ఠు వల్ల వేళ్ళు వాటంతటవే రాలిపోతాయన్న నమ్మకం ఇలాంటి ఒక్కో గాయం వెనక కారణం వెతకడంతోనే వీగిపోయింది.

ఆయన అనుభవం చెప్పింది మూడు దారులు. ఒక్కసారిగా పదునైన ఒత్తిడి పడితే తెగుతుంది. చిన్న ఒత్తిడే అయినా గంటల తరబడి కదలకుండా ఉంటే రక్తం ఆడక కండ చచ్చిపోతుంది. సన్నటి రక్తనాళాలు మూసుకోవడానికి 32 మిల్లీమీటర్ల పాదరసం, అంటే 4 కిలోపాస్కళ్ళ పైచిలుకు చాలునని పాత లెక్క. మంచం పుండ్లు పడేది ఇలాగే. మూడోది అతి మోసకారి. తెగదు, రక్తం ఆగదు, మామూలు నడకలోని మధ్యస్థమైన ఒత్తిడే వేలసార్లు అదే చోట పడితే కండ వాచి, కమిలి, ఆఖరుకు చిట్లుతుంది. కాబట్టి కాలి కింది సెన్సరు 4 కిలోపాస్కళ్ళనూ గమనించాలి, కొన్ని వందల కిలోపాస్కళ్ళనూ తట్టుకోవాలి, పైగా లెక్కపెట్టుకుంటూ పోవాలి.

వేలూరులోనూ, పక్కనే కరిగిరిలోనూ బ్రాండ్ బృందం మైక్రోసెల్యులర్ రబ్బరు అట్టతో మెత్తటి చెప్పులను వాడుకలోకి తెచ్చింది. తమిళనాడు ఆసుపత్రుల్లో ఎంసీఆర్ చెప్పులంటే ఇవే. మన నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వేలూరుకూ చెన్నైకీ వైద్యానికి వచ్చే కుటుంబాల్లో చాలామందికి ఈ చెప్పులు పరిచయమే. రాయపురం ఆసుపత్రి వైద్యులు, అడయారులోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ నిపుణులతో కలిసి, ఇలాంటి అట్టలు వేసుకున్నవారి పాదాల ఒత్తిడిని కొలిచి, పోల్చి, 2004లో ఫలితాలు ప్రచురించారు. తగిన అట్ట ఉన్న చెప్పులు వేసుకున్నవారిలో ఒత్తిడి తగ్గింది, కొత్త పుండ్లు కూడా తక్కువ పడ్డాయి. కొలిచే సెన్సరు లేకపోతే ఏ అట్ట మేలో తేల్చడానికి పుండ్లు పడేదాకా ఆగాల్సి వచ్చేది.

నొప్పి లేనివారికి కృత్రిమంగా నొప్పి అమర్చలేమా?

ఇదీ బ్రాండ్ ప్రయత్నించారు. 1966లో ఆయన అమెరికాలో లూసియానాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళారు. 1969లో జేమ్స్ ఎబ్నర్‌తో కలిసి ఒక సులువైన సాధనం గురించి రాశారు. సాక్సులో రంగు నింపిన అతిసూక్ష్మ గుళికలు పెడతారు. ఒత్తిడి ఎక్కువైన చోట గుళికలు చిట్లి రంగు మరక పడుతుంది. నడిచొచ్చి సాక్సు విప్పితే, కాలు ఎక్కడ నలుగుతోందో మరకే చెబుతుంది. తీగలు లేవు, బ్యాటరీ లేదు. దాని తెలివి నన్ను ఇప్పటికీ ముచ్చటపరుస్తుంది.

తరువాత ఇంజినీర్లతో కలిసి చేతొడుగుల్లో, బూట్లలో సెన్సర్లు పెట్టారు. ఒత్తిడి మితిమీరితే మొదట చెవిలో మోత. రోగులు పట్టించుకోలేదు. సరే అని స్పర్శ మిగిలున్న చంకలో కరెంటు షాకు. అది బాధించింది, నిజమే. అయితే బిగిసిపోయిన మరను తిప్పాల్సి వచ్చినప్పుడు రోగి స్విచ్ ఆపేసి, పని ముగించుకుని, మళ్ళీ వేసేవాడు. ఆనాటి లోహపు సెన్సర్లు కొన్ని వందల వాడకాలకే అలసి పాడయ్యేవి. చివరకు ఆ ప్రయత్నం వదిలేశారు.

మనిషి విషయంలో రెండూ విఫలమయ్యాయి, పసిగట్టే సెన్సరూ, లోబడే మనసూ. యంత్రానికి రెండో ఇబ్బంది లేదు. జారుతోందన్న సంకేతం రాగానే పట్టు బిగించమని రాసిపెడితే రోబో స్విచ్ ఆపుకోదు. మిగిలింది మొదటిదే, పసిగట్టే మెత్తటి చర్మం. నలభై ఏళ్ళ కృషి అంతా దానిమీదే సాగింది.

అంత చర్మానికి తీగలెన్ని కావాలి?

ఒక్కో చుక్కకు ఒక జత చొప్పున పెడితే చేయి తీగలతోనే నిండిపోతుంది. అందుకని అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని వాహక దారాలు వేసి, మధ్యలో ఒత్తిడికి స్పందించే పొర ఉంచుతారు. అడ్డం 32, నిలువు 32 అయితే 64 తీగలతో 1,024 చుక్కలు చదవొచ్చు. ఒక్కో వరుసకూ కరెంటిచ్చి, ఒక్కో నిలువు దగ్గరా చూసుకుంటూ పోవాలి. కరెంటు పక్కదారులు పట్టి, నొక్కని చోట కూడా నొక్కినట్టు చూపే చిక్కు ఒకటుంది. దాన్ని సర్క్యూట్‌తో సరిచేస్తారు.

2019లో ఎంఐటీలో సుబ్రమణ్యన్ సుందరం, సహచరులు ఇలాంటి చేతొడుగును చూపించారు. అందులో 548 సెన్సర్లు, సామగ్రి ఖర్చు సుమారు 10 డాలర్లు. దాన్ని తొడుక్కుని 26 రకాల వస్తువులను పట్టుకుని తడిమి, ఆ ఒత్తిడి పటాలను కంప్యూటరుకు నేర్పితే, చూడకుండానే ఏ వస్తువో నాలుగింట మూడుసార్లు గుర్తుపట్టింది.

చెన్నైలో ఈ దారికి ఎదురు దిశలో నడుస్తున్నవారూ ఉన్నారు. ఐఐటీ మద్రాసులో ప్రొఫెసర్ ఎం. మణివణ్ణన్ టచ్ ల్యాబ్, మెర్కెల్ హాప్టిక్స్ అనే స్టార్టప్‌తో కలిసి 2022లో ‘ఐటాడ్’ అనే తెరను ప్రకటించింది. నున్నటి గాజు మీద వేలు రాస్తుంటే, విద్యుత్ క్షేత్రంతో రాపిడిని మార్చి, గరుకుదనాన్ని, అంచులను వేలికి తెలిసేలా చేస్తుంది. యంత్రం మనల్ని తాకి చెప్పే విద్య అది. ఆ స్టార్టప్ పేరులోని మెర్కెల్, ఇందాక చర్మంలో చెప్పుకున్న కణాల పేరే.

మరి బ్రాండ్ కోరుకున్న బూటు వచ్చిందా?

దగ్గరకు వచ్చింది. ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఒకసారి పుండు పడి మానిన షుగరు రోగులకు, ఒక్కో అట్టలో 8 సెన్సర్లున్న బూట్లిచ్చి, ఫలితాలను 2019లో ప్రచురించారు. రక్తం ఆడనంత ఒత్తిడి ఒకచోట చాలాసేపు నిలిస్తే చేతి గడియారంలో కబురొస్తుంది. కాసేపు అటూ ఇటూ నడవండి, లేదా కూర్చుని కాలికి భారం తగ్గించండి అని. షాకు లేదు, బెదిరింపు లేదు. హెచ్చరికలు అందినవారిలో అరికాలి పుండ్లు తిరిగి రావడం 71 శాతం తగ్గింది. పాల్గొన్నవారు కొద్దిమందే, 58 మంది. రోజూ ఎక్కువ గంటలు వేసుకున్నవారికి మేలు ఇంకా బాగా కనిపించింది.

ఆ చివరి మాట దగ్గరే మన ఊళ్ళ చిక్కు ఉంది. మాంచెస్టర్ మనిషి ఇంట్లో కూడా కాలికి ఏదో ఒకటి తొడుక్కుంటాడు. మనం గుమ్మం దగ్గరే చెప్పులు వదులుతాం, గుడిలో మధ్యాహ్నపు బండరాళ్ళ మీద వట్టి కాళ్ళతో ప్రదక్షిణ చేస్తాం. కాలు కాలినా తెలియని మనిషికి అత్యంత ప్రమాదమైన గంటలు అవే, బూటులోని సెన్సరుకు కనిపించని గంటలూ అవే. అందుకే వైద్యులు ఇంట్లో వేసుకోవడానికి వేరే ఎంసీఆర్ జత పెట్టుకోమంటారు. ఇంజినీర్ల వైపు నుంచి చూస్తే, వాహక దారంతో అల్లిన సాక్సు ఈ దేశపు పాదానికి బూటు అట్ట కన్నా ఎక్కువ పనికొచ్చేది. దారాన్ని ఒత్తిడికి స్పందించేలా చేయడం తెలిసిన విద్యే. తేలాల్సింది అది రోజూ సబ్బునీళ్ళలో ఉతికి, ఎండలో ఆరేసి, మళ్ళీ తొడుక్కున్నా నిన్నటి బరువుకు నిన్నటి అంకె చూపుతుందా అన్నదే.